కిందినుంచి వచ్చే కరెంటు

పైనుంచి వచ్చే కరెంటుకి అందరూ భయపడతారు. తెగిపడిన తీగను ఎవరూ దాటరు, స్తంభానికి గేదెను కట్టరు. ఆ భయం మంచిదే. నేను రాస్తున్నది కిందినుంచి వచ్చే కరెంటు గురించి. ఊళ్లోంచి, ఇళ్లలోంచి, మనకి అన్నం పెట్టిన చేతుల్లోంచి బయలుదేరి స్తంభం మీదికి ఎక్కే కరెంటు. మీ శిక్షణలో దాని గురించి ఒక పూట చెబుతున్నారని విన్నాను. ఒక పూట చాలదు.

మొన్న కొత్తగా చేరిన లైన్‌మెన్ ఇద్దరు మా ఇంటికి వచ్చారు. "మావా, నువ్వు సెప్పినవి మర్సిపోతన్నాం. ఏటైనా రాసీసి ఇచ్చీ, దాసుకుంటాం" అన్నారు. నాకు రాయడం ముప్పై దాటాక వచ్చింది. అక్షరాలు ఇప్పటికీ పక్కకి వాలిపోతాయి, మా పాత స్తంభాల్లాగే. అయినా రాస్తాను. నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్తంభాలు మోశాను, ఎక్కాను, లైన్ ఇన్‌స్పెక్టరుగా దిగాను. ఏ పదవి ఎప్పుడొచ్చిందో మీకు అనవసరం. మీకు కావలసింది గెడ్డపేట సంగతి. మిగతావన్నీ దాని చుట్టూ వస్తాయి.

అక్షరాలు

లైను మీద చెయ్యి వేసే ముందు సబ్‌స్టేషన్‌లో సప్లై ఆపుతారు. ఆపామని కాగితం ఇస్తారు. దాన్ని లైన్ క్లియర్ అంటాం. నాకు చదువు లేదు కాబట్టి ఆపరేటరు చదివి వినిపించేవాడు, నేను తల ఊపి వెళ్లి స్తంభం ఎక్కేవాణ్ని. చాలా ఏళ్లు అలా వేరొకడి నాలుక మీద నా ప్రాణం పెట్టి బతికాను.

పాతపట్నంలో పనిచేసిన రోజుల్లో అక్కడి చర్చి పాస్టరు గారి భార్య సాయంత్రాలు పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పేది. మేం చర్చివాళ్లం కాదు. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట ట్రాన్స్‌ఫార్మరు మీది 'అపాయము'. ఆవిడకి చెబితే నవ్వింది.

"అందరూ అమ్మా ఆవూ అని మొదలెడతారు అప్పన్నా. నువ్వేటి ఇలగ మొదలెట్టినావు?"

"మా ఆఫీసోలు గోడలకి ఆవు అని రాయరు కదమ్మా" అన్నాను.

చదువు వచ్చాక లైన్ క్లియర్ నేనే చదువుకున్నాను. ఇక భయం లేదనుకున్నాను. కాగితం మీద క్లియర్ అని ఉంటే చాలు, తీగ క్లియర్ అయిపోతుందని నమ్మే జబ్బు చదువుతోనే వస్తుంది. చదువు రాని రోజుల్లో నేను తీగను ఇంకా అనుమానంగా చూసేవాణ్ని.

గెడ్డపేట

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళితే ఒక గెడ్డ వస్తుంది. ఎండాకాలం మోకాలి లోతు, వానాకాలం పడవ. దాని అవతల మత్స్యకారుల పేట. నేను దానికి గెడ్డపేట అనే పేరు పెట్టి రాస్తున్నాను, అసలు పేరు వద్దు. ఆ పేట మన లైనుకి చివరి కొస. ఇటువైపు రోడ్డు పక్క సరుగుడు తోపులు, అటువైపు జీడిమామిళ్లు, ఉప్పుగాలి. అక్కడ స్విచ్చి బిగిస్తే రెండేళ్లకి తుప్పుతో బిగుసుకుపోతుంది.

ఆ పెద్ద తుఫాను వచ్చినప్పుడు జిల్లాలో నిలబడ్డ స్తంభాలకంటే పడ్డవే ఎక్కువ. మన నాలుగుపలకల సిమెంటు స్తంభం నేల మట్టంలో విరుగుతుంది. లోపలి ఇనుప తీగలు తెగవు, సాగుతాయి. దూరం నుంచి చూస్తే మోకాళ్ల మీద వంగిన మనుషుల వరసలా ఉంటుంది. పక్క జిల్లాల నుంచి, ఒడిశా నుంచి మనుషులు వచ్చారు. పై ఆఫీసు నుంచి గంటగంటకీ ఫోను. ఎంత శాతం ఇచ్చారు, ఎంత శాతం ఇచ్చారు. ఆ శాతంలో ఒక చిత్రం ఉంది. పెద్ద లైనుకి సప్లై ఎక్కితే దాని కిందున్న ఊళ్లన్నీ వెలిగినట్టే లెక్క. టీవీలో గెడ్డపేటకి కరెంటు వచ్చేసిన నాటికి మేమింకా గెడ్డలోంచి స్తంభం లాగుతున్నాం.

మా గ్యాంగులో సింహాచలం అని ఉండేవాడు. కాంట్రాక్టరు మనిషి, పర్మనెంటు కాదు. కానీ స్తంభం ఎక్కడంలో మా అందరికంటే తేలిక. పెళ్లయి రెండేళ్లు. భార్య నీలమ్మ. పేటవాళ్లతో వాడికి భలే జత కుదిరింది. ముఖ్యంగా గవరయ్యతో. గవరయ్య పేట పెద్ద, పడవలున్నవాడు, నాకంటే పదేళ్లు పైన. నన్ను బావా అనేవాడు, సింహాచలాన్ని అల్లుడా అనేవాడు.

రోజూ పొద్దున్న గవరయ్య చోడంబలి కుండ మోయించుకుని వచ్చేవాడు.

"ఏరా అల్లుడా, ఈ రోజైనా మా పేటకి ఎలుగు వస్తాదా, నేకపోతే నీ మొకమే సూసుకోమంతావా?"

"నా మొకం సూసుకుని అంబలి తాగీయండి మావా. కరెంటు సంగతి రేపు సూద్దాం."

"నీ మొకం సూత్తే అంబలి కూడా దిగదురా."

ఆ పేటవాళ్ల ఇళ్లకే కప్పులు లేవు. అయినా మాకు ఎండుచేపల కూర వండి, పేటలో మిగిలిన ఒక్క మంచి ఇంట్లో మా పడకలు వేశారు. ఇది మరిచిపోకండి. తరవాత జరిగింది చదివి వాళ్లని తిట్టుకుంటారేమో, అందుకని ముందే రాస్తున్నాను.

వాళ్లకి కరెంటు దీపాల కోసం కాదు. ఒకటి నీళ్ల ట్యాంకు మోటారు. బావుల్లో సముద్రం నీరు కలిసిపోయింది. రెండోది ఫోను. పేటలో మగవాళ్లు సగం మంది గుజరాత్ వైపు వీరావల్ రేవులో పడవల మీద పనికి పోయి ఉన్నారు. ఒక కోడలు చచ్చిన ఫోను కొంగున కట్టుకుని నా వెంట తిరిగేది. "బాబూ, మా పేట ములిగిపోనాదని టీవీలో సూపించినారట. ఆయన అక్కడ ఏటైపోతన్నాడో తెలదు. బతికున్నామని ఒక్క మాట సెప్పీసి ఆపీస్తాను."

గవరయ్య టౌనుకి మనిషిని పంపి అద్దెకి డీజిలింజను తెప్పించాడు. హేండిలు వేసి తిప్పే పాత రకం. పంపు షెడ్డులో దాన్ని మోటారుకి కలిపారు. కలిపేటప్పుడు ఒక ఫ్యూజు తీసేయాలి. అది తీస్తే ఇంజను కరెంటు మోటారు వరకే ఉంటుంది, వీధి లైనులోకి పోదు. ఆ ఫ్యూజు తియ్యబోయిన మనిషిని గవరయ్యే ఆపాడట. "ట్యాంకొక్కటీ నిండితే ఏటి లాబం? అలగే ఉంచీ. ఇళ్లల్లోకి కూడా పోనీ. ఆడోళ్లు పోన్లు పెట్టుకుంటారు" అన్నాడట. అది స్వార్థం లేని మాట. నా ఇల్లొక్కటీ వెలిగితే చాలనుకునేవాడు ఫ్యూజు పీకేసేవాడే.

ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మరు సంగతి గుర్తు చేసుకోండి. పైనుంచి ఎక్కువ కరెంటు వస్తే తగ్గించి ఇళ్లకి ఇస్తుంది. ఇళ్లవైపు నుంచి మనం ఎక్కిస్తే, అదే కరెంటుని పెంచి పై తీగల్లోకి తోస్తుంది. దానికి పై వైపు, కింది వైపు అనే పక్షపాతం లేదు. మధ్యలో విడదీసే స్విచ్చి ఉంది కానీ ఉప్పు పట్టి బిగుసుకుపోయింది. దాన్ని ఎవరూ లాగలేదు.

సింహాచలం ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి స్తంభం మీద పై తీగ ముడి వేస్తున్నాడు. నేను కింద, కొంచెం దూరంలో తీగ లాగిస్తున్నాను. పట్టపగలు, ఎండ కాస్తోంది. పేటలో ఇంజను చప్పుడు మొదలైంది. తుఫాను రోజుల్లో ఆ చప్పుడు ఎక్కడైనా వినిపిస్తూనే ఉంటుంది, ఎవరూ తల తిప్పరు. కొంచెంసేపటికి చప్పుడు మారింది. ఎత్తెక్కే లారీలాగా బరువుగా మూలిగింది. ఇంజను మీద బరువు పడితే అలా అంటుంది. మేమందరం విన్నాం. ఆ బరువు ఏమిటో ఎవరికీ తట్టలేదు.

సింహాచలం అరవలేదు. బెల్టుకి వేలాడాడు.

మేం దింపుతుంటే గవరయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఇంజను ఏటో బరువెక్కినాది బావా, బెదిరిపోయి ఆపీసినాను. ఏటైనాది? ఏటైనాది?" అంటూనే సింహాచలం చేతులు చూశాడు. ఇసకలో కూలబడ్డాడు. చేతిలో హేండిలు అలాగే ఉంది.

తీగల మీద గొలుసు వేసి దాని కొసను భూమిలో దిగ్గొట్టిన కమ్మీకి కడతాం. దాన్ని ఎర్తు చెయ్యడం అంటాం. అది వేస్తే ఏ వైపు నుంచి కరెంటు వచ్చినా మనిషిని వదిలి భూమిలోకి పోతుంది. ఆ రోజు వెయ్యలేదు. మా సెక్షనంతటికీ ఉన్నది ఒక్క గొలుసు, అది వేరే గ్యాంగు దగ్గర ఉంది. ఉన్నా వేసేవాళ్లమా అంటే వేసేవాళ్లం కాదు. మండలం మొత్తం చీకటి. సప్లై ఎక్కణ్నుంచి వస్తాదిరా అని అందరం అనుకున్నాం. ఊరంతా వెలుగుతున్నప్పుడు భయపడి జాగ్రత్తపడతాం. అంతా చీకటైతే ధైర్యం వస్తుంది. మనవాళ్లు చచ్చేది ఆ ధైర్యంతోనే.

విచారణ జరిగింది. మృతుడు తగిన జాగ్రత్త తీసుకోలేదని తేల్చారు. పేటవాళ్ల మీద కేసు పెట్టమని నీలమ్మకి ఎవరో చెబితే ఆవిడ ఒప్పుకోలేదు. "ఆళ్లు మా ఆయనకి అన్నం ఎట్టినారు. గవరయ్య మావ ఏడుపు నాను సూసినాను. ఇంకేటి కావాల?" అంది. ఇప్పుడు అరసవల్లిలో ఒక లాడ్జిలో గదులు ఊడుస్తోంది. ఆదివారం దర్శనాల రద్దీలో తల ఎత్తే తీరిక ఉండదు. నేను కనబడితే టీ తాగి వెళ్లమంటుంది. గెడ్డపేట మాట ఇద్దరం ఎత్తం.

పథకం

తుఫాను వెళ్లాక డబ్బు వచ్చింది. ప్రభుత్వం పెద్ద బ్యాంకు దగ్గర అప్పు తెచ్చి, గాలికీ వరదకీ తట్టుకునే లైన్లు వేస్తామంది. పాత స్తంభాల చోట గుండ్రటి స్తంభాలు, టౌనులో భూమిలోంచి కేబులు, నీళ్లు చేరే సబ్‌స్టేషన్లకి ఎత్తు పెంచిన అరుగులు. ఇది మంచి ఆలోచనే. నేను తిట్టడానికి రాయడం లేదు.

అప్పుడు మా డి.ఇ., అంటే డివిజనల్ ఇంజనీరు, శేషగిరి గారు. గుంటూరు వైపు మనిషి. నా ఉద్యోగంలో నేను చూసిన పైవాళ్లు రెండు రకాలు. ఎంత శాతం అని అడిగేవాళ్లు, ఏం కావాలి అని అడిగేవాళ్లు. రెండో రకంలో నాకు దొరికింది ఈయనొక్కడే. సింహాచలాన్ని దింపిన రోజు గెడ్డ దాటి వచ్చి ఇసకలో మా పక్కన కూర్చున్నాడు. పథకం సర్వే మొదలయ్యే ముందు లైన్‌మెన్‌ని పిలిచి అడిగాడు.

నేను మూడు చెప్పాను. గెడ్డ అవతలికి గట్టి లైను. ప్రతి గ్యాంగుకీ ఒక ఎర్తు గొలుసు. గెడ్డపేట పంపు షెడ్డులో ఒక చేంజోవర్ స్విచ్చి. ఆ స్విచ్చి ఉంటే పిడిని ఇటు తిప్పితే మన లైను, అటు తిప్పితే ఇంజను. రెండూ ఎప్పటికీ కలవవు. ఎంత మంచివాడైనా కలపలేడు.

ఆయన రాసుకున్నాడు. పై ఆఫీసుకి వెళ్లాడు, మళ్లీ వెళ్లాడు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచాడు.

"కూర్చో అప్పన్నా."

"నిలబడే వింతాను బాబూ."

"నువ్వు చెప్పిన మూడూ పోయాయి."

ఒక్కొక్కటీ చెప్పాడు. "గెడ్డ దాటాలంటే తీరప్రాంతంలో పనులకి ఇచ్చే అనుమతి కావాలి. అది వచ్చేలోగా పథకం గడువు అయిపోతుంది. అందుకని ఇవతలి గట్టు దగ్గర గీత గీసేశారు."

"గొలుసుల మాటేటి?"

"గొలుసు పనిముట్టు. ఆ అప్పుతో ఆస్తులే కొనాలి. స్తంభం ఆస్తి, తీగ ఆస్తి. పనిముట్లు మామూలు ఖర్చులో కొనుక్కోమన్నారు."

"మామూలు కర్సులో ఏటైనా ఉన్నాదేటి?"

"నీకు తెలియదా?"

"మరి స్విచ్చి? గుప్పెడంత ఉంటాది బాబూ."

"పంపు షెడ్డు పంచాయతీది. మన పథకం డబ్బుతో వాళ్ల గోడకి మేకు కూడా కొట్టకూడదు." కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నువ్వు అడిగినవి మరీ చిన్నవి అప్పన్నా. పెద్దవైతే ఎక్కడో ఒకచోట ఇరికించేవాణ్ని. చిన్న వస్తువుకి పథకంలో చోటుండదు."

"సింహాచలం సిన్నోడనేటి?"

నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది, ఆ మనిషితో. తరవాత మా వర్క్‌షాపులో పాత తీగలు పేనించి కొన్ని గొలుసులు తయారు చేయించి పంచాడు. ఏడాది తిరక్కుండా బదిలీ అయిపోయాడు.

మీలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు, పథకాల ఎస్టిమేట్లు రాస్తారు. నాకు అర్థమైనంత చెబుతాను. పథకం స్తంభాల్ని లెక్కపెడుతుంది, కిలోమీటర్లని లెక్కపెడుతుంది. స్తంభం ఎక్కే మనిషి ఆ లెక్కలో ఎక్కడా రాడు. వాడు మామూలు ఖర్చు కింద పోతాడు. నిలబెట్టడానికి డబ్బు వస్తుంది, నిలబెట్టినదాన్ని చూసుకోవడానికి రాదు. గుండ్రటి స్తంభానికి కొబ్బరికాయ కొడతారు. గొలుసుకి ఎవడు కొడతాడు?

పని పూర్తయింది. ఆ తరవాతి గాలికి గుండ్రటి స్తంభాలు ఒక్కటీ పడలేదు. నేను కళ్లారా చూశాను, సంతోషించాను. చివరి గుండ్రటి స్తంభం గెడ్డ ఇవతలి గట్టు మీద ఉంది. అవతల మళ్లీ మా పాత నాలుగుపలకలవే. వాటిలో సగం పడ్డాయి.

ఇంకొకటి జరిగింది, దీన్ని ఎవరూ ముందు ఊహించలేదు. రోడ్డు వైపు అంతా ఆ రోజే వెలిగిపోవడంతో పని అయిపోయిందన్నారు. బయటి జిల్లాల నుంచి రావలసిన గ్యాంగులని రావద్దన్నారు. గెడ్డపేటకి పూర్వం పాతికమంది వెళ్లేవాళ్లం, ఈసారి ఐదుగురం మిగిలాం. ముందు అందరితోపాటు చీకట్లో ఉండేవాళ్లు, ఇప్పుడు వాళ్లొక్కళ్లే చీకట్లో ఉన్నారు.

హేండిలు

ఆ గాలి వెళ్లాక మేం గెడ్డ దాటేసరికి గవరయ్య గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఈసారి ఇంజను అద్దెది కాదు, పేటవాళ్లు సొంతంగా కొనుక్కున్నారు. మొదటి స్తంభం దగ్గరికి మాతో నడిచి వచ్చాడు. కండువాలోంచి ఇంజను హేండిలు తీసి స్తంభం మొదట్లో పెట్టాడు. పక్కన కూర్చున్నాడు.

"ఇదేటి బావా?" అన్నాను.

"ఇది నేకుండా ఇంజను తిరగదు. మీరు దిగినంతవరకు ఇది ఇక్కడే, నాను ఇక్కడే. ఎక్కండి."

మేం సాయంత్రం దాకా పనిచేశాం. ఆయన ఎండలో అలాగే కూర్చున్నాడు. మధ్యలో ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి మారితే హేండిలు పట్టుకుని మా వెనక వచ్చాడు. పేటలో ఎవరో వచ్చి ట్యాంకు కోసం అడిగితే "దాహమేస్తే గెడ్డ తాగండి" అని పంపేశాడు.

అప్పటినుంచి అది అలవాటైంది. గెడ్డపేటలోనే కాదు, ఆ తీరం పేటలన్నిటా. మేం వెళితే ఎవరో ఒక పెద్దమనిషి హేండిలు తెచ్చి స్తంభం మొదట్లో పెట్టేవాడు. కొన్ని చోట్ల దానికి పసుపు కూడా పూసేవాళ్లు. మా లైన్‌మెన్ "హేండిలు పెట్టినారేటి?" అని అడిగి ఎక్కేవాళ్లు. ఏ ఆఫీసు ఉత్తర్వూ లేదు. ఏ పథకమూ దానికి డబ్బు ఇవ్వలేదు. నేను ఉద్యోగం దిగేదాకా ఆ తీరంలో మరొకడు చావలేదు. అది చూసి మేం గొలుసులు వెయ్యడం తగ్గించాం. శేషగిరి గారి గొలుసులు స్టోరులో తుప్పు పట్టాయి. మంచి అలవాటు ఒకటి దొరికితే రెండోది వదిలేస్తాం. అదీ మన బుద్ధి.

తుఫాను భవనం

నేను దిగిపోయాక గెడ్డపేటకి ఇంకో పథకం వచ్చింది. తుఫాను వస్తే జనం తలదాచుకోవడానికి సిమెంటు భవనం కట్టారు. దానితోపాటు కొత్త జనరేటరు ఇచ్చారు. సెల్ఫ్ స్టార్టు, తాళంచెవి తిప్పితే చాలు. చేంజోవర్ స్విచ్చి మాత్రం పంచాయతీయే సమకూర్చుకోవాలని రాసి ఇచ్చారు. పంచాయతీ దగ్గర ఏమీ లేదు. జనరేటరుని భవనం బోర్డుకి, దాన్నుంచి పంపు షెడ్డుకి కలిపి వదిలేశారు. పాత ఇంజను పాతసామాన్ల వాడికి పోయింది.

మొన్నటి గాలివానకి ఆ వైపు మళ్లీ స్తంభాలు పడ్డాయి. గవరయ్యని చూసి చాలా కాలమైంది కదా అని వెళ్లాను. పని చూడడానికి కాదు. ఆయనకి ఎనభై దగ్గరపడ్డాయి, ఒక కంటికి పొర కమ్మింది. పొద్దున్న పదకొండు వేళకి పడవ దిగాను. ట్రాన్స్‌ఫార్మరు స్తంభం మీద కొత్త లైన్‌మన్ ఒకడు ఉన్నాడు. అతడి పేరు రాయను, ఇది చదువుతాడు. బెల్టు బిగించుకుని తీగకి చెయ్యి చాపబోతున్నాడు. స్తంభం మొదట్లో హేండిలు ఉంది. పసుపు పూసి ఉంది. దాని పక్కన గవరయ్య.

ఒక్క క్షణం నా మనసు చల్లబడింది. ఇంకా నడుస్తోంది అనుకున్నాను.

అప్పుడే భవనం వైపు జనరేటరు మొదలైంది. మెత్తటి చప్పుడు, పాతదానిలాగా కాదు.

"ముట్టుకోకు! చెయ్యి తీసీ!" అని అరిచాను. ఈ గొంతుతో అంత గట్టిగా అరవగలనని నాకు తెలియదు. అతడు చేతులు రెండూ గుండెలకి అదుముకుని బెల్టు మీద వెనక్కి వాలి అలాగే ఉండిపోయాడు. నేను పరుగెత్తలేను. అక్కడున్న ఒకామె నా అరుపు విని భవనం వైపు పరుగు తీసింది. చప్పుడు ఆగింది. వాళ్లకి ఏమీ తెలియదు పాపం. ఫోన్లు పెట్టుకుందామని తాళం తిప్పారు.

లైన్‌మన్ దిగి ఇసకలో కూర్చున్నాడు. "హేండిలు ఎట్టినారు కదా మావా. అది సూసే ఎక్కినాను" అన్నాడు.

గవరయ్యకి కొంచెం ఆలస్యంగా అర్థమైంది. హేండిలు తీసుకుని రెండు చేతుల్లో తిప్పి చూశాడు. "ఇది ఆ పాతదాందే బావా. ఇంజను అమ్మీసినా దీన్ని మాత్రం ఇవ్వనేదు. ఆ అల్లుడి గుర్తని ఉంచీసినాను. లైనోలు అడుగుతారు కదాని తెత్తన్నాను." హేండిలుని ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇన్నాళ్లూ నాను ఉత్త ఇనప ముక్కకి కాపలా కాసినానేటి?"

ఆయన పక్కన కూర్చున్నాను. ఆయనే లేచాడు. కర్ర పట్టుకుని భవనం దాకా నడిచి, జనరేటరు తాళంచెవి ఊడదీసి తెచ్చాడు. హేండిలుని గెడ్డలోకి విసిరేశాడు. తాళంచెవిని పిడికిట్లో బిగించి మళ్లీ స్తంభం మొదట్లో కూర్చున్నాడు.

"ఇప్పుడు ఎక్కమను" అన్నాడు.

లైన్‌మన్ ఆ రోజు ఎక్కలేదు. ఎర్తు గొలుసు తెప్పించి మర్నాడు వేసి ఎక్కాడు. నేను పంచాయతీలో స్విచ్చి సంగతి మళ్లీ చెప్పి వచ్చాను. కొత్త పథకం వస్తోందట, అందులో పెడతామన్నారు.

ఇప్పుడు ఆ ఒక్క జనరేటరే కాదు. ఇంటింటికీ ఇన్వర్టరు, రొయ్యల చెరువు చెరువుకీ జనరేటరు. పైన సబ్‌స్టేషన్ ఆపడానికి ఒక్క స్విచ్చి. కింద ఎన్ని చేతులు, ఎన్ని తాళంచెవులు? ఆ చేతులన్నీ మంచివాళ్లవే. మండలమంతా చీకటిగా ఉన్నా సరే, గొలుసు వెయ్యకుండా తీగ ముట్టుకోకండి. గొలుసు ఇవ్వకపోతే స్తంభం ఎక్కకండి. ఎంత శాతం అని అడిగే ఫోను మోగనివ్వండి.

గెడ్డపేట గోడకి ఆ స్విచ్చి ఇంకా రాలేదు. తాళంచెవి గవరయ్య మొలతాడుకి ఉంది. మీకు ఆ లైను మీద పని పడితే, గెడ్డ దాటగానే ముందు ఆయన బతికే ఉన్నాడా అని అడగండి.